జేన్ ఆస్టిన్ – ఇంటి వెలుగులో విరిసిన నవల

పాఠ్యభాగ ఉద్దేశం

పుస్తకపఠనం విజ్ఞానాన్ని, వినోదాన్ని కలిగించడమే కాక మనుషులను ఒకరికొకరిని దగ్గర చేస్తుంది. చలికాలపు సాయంకాలాలలో ఒక కుటుంబం కలిసి కూర్చొని నవలలు చదువుకొన్న అలవాటు ఒక బాలికను ప్రపంచ ప్రసిద్ధ నవలా రచయిత్రిగా ఎలా తీర్చిదిద్దిందో, ఆ మార్గంలో ఆమె ఎదుర్కొన్న అవరోధాలు ఎటువంటివో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

ఇంగ్లాండు దేశంలో చలికాలం దీర్ఘమైనది. డిసెంబరు నెలలో సాయంకాలం నాలుగు గంటలకే చీకట్లు ముసురుకొంటాయి. మంచు కురిసి బాటలు మూసుకొనిపోతాయి. రైలుబండి, విద్యుద్దీపం ఎరుగని పద్ధెనిమిదవ శతాబ్దంలో అటువంటి రాత్రులలో పల్లెటూరి కుటుంబాలకు ఇల్లే లోకం. గోడలో అమర్చిన నిప్పుగూటిలో కట్టెలు మండుతుండగా ఇంటిల్లిపాదీ దాని చుట్టూ చేరేవారు. కొవ్వొత్తులు ఖరీదైనవి కావడంతో ఒక్క దీపం దగ్గర ఒకరు కూర్చొని పుస్తకాన్ని పైకి చదువుతూ ఉంటే తక్కినవారు కుట్టుపని చేసుకొంటూ వినేవారు. మన పల్లెల్లో వీధి అరుగుమీద ఒకరు భారతమో భాగవతమో చదువుతుంటే పదిమందీ చుట్టూ చేరి వినడం వంటిదే ఆ ఆచారం. అయితే అక్కడ తరచుగా చదివినవి నవలలు. అట్టి నిప్పుగూటి చెంత విని, చదివి, నవ్వి, ఆలోచించి, చివరకు తానే నవలలు రచించి ఆంగ్ల నవలకు కొత్త రూపాన్ని ప్రసాదించిన మహారచయిత్రి జేన్ ఆస్టిన్.

జేన్ ఆస్టిన్ 1775 డిసెంబరు 16వ తేదీన హాంప్‌షైర్ ప్రాంతంలోని స్టీవెన్‌టన్ అనే చిన్న గ్రామంలో జన్మించింది. ఆ ఏడు చలి అతి తీవ్రంగా ఉన్నందువల్ల పసిబిడ్డను చర్చికి తీసుకొని వెళ్ళడానికి తల్లిదండ్రులు సాహసించలేదు. ఇంటిలోనే నామకరణం జరిపి, చర్చిలో జరగవలసిన వేడుకను మరుసటి ఏప్రిల్ నెలలో జరిపించారు. తండ్రి జార్జి ఆస్టిన్ ఆ గ్రామపు చర్చిలో మతాచార్యుడు. తల్లి పేరు కసాండ్రా. ఆ దంపతుల ఎనిమిదిమంది సంతానంలో జేన్ ఏడవది. ఆరుగురు సోదరుల నడుమ ఆమెకు ఒక్కతే అక్క. తల్లి పేరే ఆమెకూ పెట్టారు. అక్కచెల్లెళ్ళు ఇద్దరూ జీవితమంతా ఒకరికొకరు తోడునీడగా మెలిగారు. ఇద్దరూ అవివాహితలుగానే ఉండిపోయారు.

జేన్ పాఠశాల విద్య స్వల్పం. 1783లో ఏడేళ్ళ వయస్సులో ఆమెను అక్కతోపాటు చదువుకోసం ఆక్స్‌ఫర్డుకు పంపారు. అక్కడినుండి ఆ విద్యార్థినులను సౌతాంప్టన్‌కు మార్చినప్పుడు విషజ్వరం సోకి జేన్ మృత్యుముఖం వరకు వెళ్ళి బ్రతికింది. ఆ తరువాత కొద్దికాలం రెడింగ్ పట్టణంలో బాలికల వసతి పాఠశాలలో చదివింది. 1786 ముగిసేనాటికి ఆ చదువు కూడా ఆగిపోయింది. పదకొండేళ్ళ ప్రాయంలో ఇంటికి చేరిన ఆ బాలికకు ఆపైన లభించిన విద్యాలయం తండ్రి పుస్తకశాలయే.

జార్జి ఆస్టిన్ ధనవంతుడు కాదు. చర్చి ఆదాయం చాలక కొంత వ్యవసాయం చేయించేవాడు. తన ఇంటిలోనే కొందరు బాలురకు వసతి కల్పించి చదువు చెప్పేవాడు. ఆ మధ్యతరగతి గృహంలో 500కు పైగా గ్రంథాలు ఉండేవి. ఆడపిల్లలు ఈ పుస్తకం చదవాలి, ఆ పుస్తకం చదవరాదు అనే నిర్బంధం ఆయన విధించలేదు. చరిత్ర, కవిత్వం, నాటకం, వ్యాసం, నవల అన్నీ జేన్ చేతికి అందాయి. శామ్యూల్ రిచర్డ్‌సన్ రచించిన 'సర్ చార్లెస్ గ్రాండిసన్' నవలను ఆమె పలుమార్లు చదివి, అందులోని పాత్రలను తమ ఇంటి బంధువులవలె భావించేది. ఫానీ బర్నీ నవలలు ఆమెకు అత్యంత ప్రీతిపాత్రమైనవి. 1796లో బర్నీ రచించిన 'కెమిల్లా' వెలువడినప్పుడు ముందుగా ధనం చెల్లించిన చందాదారుల జాబితాలో స్టీవెన్‌టన్ వాస్తవ్యురాలైన జేన్ ఆస్టిన్ పేరు కూడా ఉంది. జీవించి ఉన్నంతకాలం తన పుస్తకాలమీద పేరు వేసుకోని ఆ రచయిత్రి పేరు పాఠకురాలిగా మాత్రం అచ్చులో కనిపించడం విశేషం.

ఆ కాలంలో నవల అంటే పెద్దలకు చులకన. అది కాలాన్ని హరిస్తుందని, యువతుల మనస్సును పాడుచేస్తుందని పలువురు తలచేవారు. నవల చదువుతూ ఎవరికైనా కనబడితే సిగ్గుతో దాచుకొనేవారు. ఆస్టిన్ కుటుంబం ఇందుకు భిన్నమైనది. 1798 అక్టోబరులో ప్రయాణం మధ్య ఒక సత్రంలో బస చేసినప్పుడు తల్లి నిప్పు దగ్గర చలి కాచుకొంటూ ఉండగా, మతాచార్యుడైన తండ్రి గ్రంథాలయం నుండి తెచ్చుకొన్న ఒక భయానక నవలలో మునిగి ఉన్న దృశ్యాన్ని జేన్ తన లేఖలో వర్ణించింది. అదే సంవత్సరం డిసెంబరులో ఒక మహిళ చందా గ్రంథాలయాన్ని ప్రారంభించబోతూ, అందులో నవలలే కాక ఉత్తమ గ్రంథాలు కూడా ఉంటాయని నమ్మబలుకుతూ వారిని చేరవలసిందిగా కోరింది. అటువంటి హామీ తమ కుటుంబానికి అక్కరలేదని జేన్ అక్కకు వ్రాసిన ఉత్తరంలో చమత్కరించింది. తామందరూ నవలలను మక్కువతో చదివేవారమని, అందుకు సిగ్గుపడేవారం కామని ఆమె భావం. నవలను ఇంటిలో గౌరవంగా చదువుకొన్న వాతావరణమే ఆమెలోని రచయిత్రికి పునాది వేసింది.

చలికాలపు సెలవులలో ఆ ఇల్లు మరింత సందడిగా ఉండేది. అన్నలు, బంధువులు కలిసి ఇంటిలోను, ధాన్యపు కొట్టంలోను నాటకాలు ప్రదర్శించేవారు. వాటిని చూస్తూ పెరిగిన జేన్ పన్నెండేళ్ళ వయస్సు నాటికే కలం పట్టింది. 1787 నుండి 1793 వరకు వ్రాసిన చిన్న కథలను, ప్రహసనాలను ఆమె మూడు నోటుపుస్తకాలలో స్వయంగా చక్కని వ్రాతతో ఎక్కించింది. వాటిలో ఒకటి తండ్రి కానుకగా ఇచ్చినదే. ఆనాటి నవలలలోని మూర్ఛలు, కన్నీళ్ళు, అసంభవమైన సంఘటనలు ఈ రచనలలో హాస్యానికి గురయ్యాయి. పదహారేళ్ళు నిండకముందే ఆమె ఇంగ్లాండు చరిత్రను పరిహాసంగా వ్రాయగా, అక్క కసాండ్రా దానికి బొమ్మలు వేసింది. ఇవన్నీ ఇంటివారికి చదివి వినిపించి నవ్వించడానికి వ్రాసినవి. మంచి పాఠకురాలే మంచి విమర్శకురాలు అవుతుందనడానికి ఆ బాల్యరచనలే నిదర్శనం.

1794 డిసెంబరులో జార్జి ఆస్టిన్ ఒక చిన్న వ్రాతపెట్టెను కొన్నాడు. అది చిన్నకుమార్తె పందొమ్మిదవ పుట్టినరోజుకు కానుక అని చరిత్రకారులు భావిస్తారు. మూత వాల్చితే వ్రాతబల్ల అయ్యే ఆ పెట్టెను ఎక్కడికైనా తీసుకొని పోవచ్చు. జేన్ వాడిన ఆ వ్రాతపెట్టె నేటికీ లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉంది. సొంత గది లేని రచయిత్రికి ఆ పెట్టెయే ఏకాంతం. 1796 అక్టోబరులో ఆరంభించి 1797 ఆగస్టులో ఆమె ఒక నవలను పూర్తిచేసింది. దానికి అప్పుడు పెట్టిన పేరు 'ఫస్ట్ ఇంప్రెషన్స్'. ఇంటివారు దానిని ఎంతగానో మెచ్చుకొన్నారు. 1797 నవంబరు 1వ తేదీన తండ్రి లండన్‌లోని ఒక ప్రసిద్ధ ప్రచురణకర్తకు ఆ నవల విషయమై లేఖ వ్రాశాడు. వ్రాతప్రతిని చూడనైనా చూడకుండానే ఆ ప్రచురణకర్త తిరుగు టపాలో నిరాకరించాడు. జేన్ నిరుత్సాహపడి కలం దించలేదు. అదే నెలలో మరొక పాత వ్రాతప్రతిని తీసి తిరిగి వ్రాయసాగింది.

ఆ తరువాత 1798, 1799 సంవత్సరాలలో ఆమె 'సూసన్' అనే నవలను వ్రాసింది. నవలలు చదివే ఒక అమాయక యువతి కథ ఇది. వాన కురిసే ఉదయాలలో ఇద్దరు స్నేహితురాళ్ళు గది తలుపులు మూసుకొని నవలలు చదువుకొనే సన్నివేశం ఇందులో ఉంది. ఆ సందర్భంలో రచయిత్రి కథను ఆపి, నవలను తక్కువచేసే లోకాన్ని నిలదీసింది. మానవ స్వభావ పరిజ్ఞానానికి, హాస్యానికి, చక్కని భాషకు నవల నిలయమని ధైర్యంగా వాదించింది. 1803లో ఒక ప్రచురణకర్త 10 పౌండ్లు చెల్లించి ఆ వ్రాతప్రతిని కొన్నాడు. కాని అచ్చువేయలేదు. ఆరేళ్ళు నిరీక్షించి 1809లో ఆమె మారుపేరుతో అతనికి లేఖ వ్రాసింది. 10 పౌండ్లు తిరిగి చెల్లిస్తే వ్రాతప్రతిని ఇస్తాననీ, వేరొకరిచేత అచ్చువేయిస్తే అడ్డుకొంటాననీ అతడు సమాధానమిచ్చాడు. సొంత సంపాదన లేని ఆమెకు 10 పౌండ్లు చిన్న మొత్తం కాదు. తన రచనను తానే విడిపించుకోలేని దుస్థితిలో ఆమె మరికొన్నేళ్ళు మౌనంగా ఉండవలసి వచ్చింది.

ఈలోగా ఆమె జీవితంలో పెద్ద మార్పు సంభవించింది. తండ్రి ఉద్యోగ విరమణ చేసి, 1801లో కుటుంబాన్ని బాత్ నగరానికి తరలించాడు. చర్చి వారి ఇంటిని ఖాళీ చేయవలసి రావడంతో సామాన్లన్నీ అమ్మివేశారు. తండ్రి సేకరించిన 500కు పైగా గ్రంథాలు, జేన్ వాయించుకొనే పియానో కూడా అమ్ముడుపోయాయి. పాతికేళ్ళు పెరిగిన ఇల్లు, ఊహ తెలిసిననాటినుండి చదువుకొన్న పుస్తకాలు ఒకేసారి దూరమయ్యాయి. బాత్ నగరంలో ఉన్న కాలంలో ఆమె ఆరంభించిన ఒక నవల అసంపూర్ణంగానే మిగిలిపోయింది.

1802 డిసెంబరు 2వ తేదీ సాయంకాలం, కుటుంబ స్నేహితుల ఇంటిలో అతిథిగా ఉన్న జేన్‌ను ఆ ఇంటి వారసుడైన హారిస్ బిగ్ విథర్ వివాహమాడ కోరాడు. అతడు సంపన్నుడు. అంగీకరిస్తే ఆమెకే కాక తల్లికి, అక్కకు కూడా జీవితాంతం ఆశ్రయం లభించేది. ఆ రాత్రి జేన్ సమ్మతించింది. తెల్లవారేసరికి తన మాటను ఉపసంహరించుకొంది. ప్రేమ లేని వివాహంకంటే పేదరికమే మేలని ఆమె నిశ్చయించుకొన్నట్లు తరువాతి రచనలు సూచిస్తాయి. ఆ నిర్ణయానికి చెల్లించవలసిన మూల్యం త్వరలోనే తెలిసివచ్చింది. 1805 జనవరి 21వ తేదీన తండ్రి మరణించాడు. ఆయనతోపాటే చర్చి ఆదాయమూ ఆగిపోయింది. తల్లి, ఇద్దరు కుమార్తెలు సోదరులు పంపే సహాయంపై ఆధారపడి ఇళ్ళు మారుతూ కాలం గడపసాగారు.

1806లో వారు సౌతాంప్టన్‌లో నౌకాదళ అధికారి అయిన అన్న ఫ్రాన్సిస్‌తో కలిసి నివసించసాగారు. సొంత రచన ముందుకు సాగని ఆ రోజులలో సైతం నిప్పుగూటి చెంత పఠనం ఆగలేదు. 1807 జనవరిలో ఆ కుటుంబం ఒక ఫ్రెంచి రచయిత్రి నవలను చదవడం ఆరంభించి, ఇరవై పుటలకే రుచించక పక్కన పెట్టింది. దానికి బదులు షార్లట్ లెనాక్స్ రచించిన 'ది ఫిమేల్ క్విక్సోట్' అనే పాత నవలను తీసుకొన్నారు. జేన్ దానిని పూర్వమే చదివింది. అయినా రెండవసారి వింటున్నప్పుడు అది తన జ్ఞాపకానికి ఏమాత్రం తీసిపోలేదని ఆమె సంతోషించింది. కొత్తగా వింటున్న వదిన ఎంతో ఆనందించింది. మరొక బంధువుకు మాత్రం ఆ పుస్తకమే కాదు, ఏ పుస్తకమూ పట్టలేదని జేన్ కొంటెగా గుర్తించింది. చదివేవారిని, వినేవారిని కూడా ఆమె కన్ను ఇలా కనిపెట్టి ఉండేది. గొప్ప పుస్తకం రెండవసారి చదివినప్పుడు కూడా తరగని సంపద అని ఆ చలికాలపు అనుభవం తెలియజేస్తుంది.

సోదరులలో మూడవవాడైన ఎడ్వర్డును సంతానం లేని సంపన్న బంధువులు దత్తత తీసుకొన్నారు. అతడు 1809లో తన ఆస్తిలోని చాటన్ గ్రామంలో ఒక ఇంటిని తల్లికి, చెల్లెళ్ళకు ఇచ్చాడు. ఆ ఏడు జూలై నెలలో జేన్ అక్కడ ప్రవేశించింది. స్నేహితురాలైన మార్తా లాయిడ్ కూడా వారితోనే నివసించింది. ఇంటిపనులలో ఉదయపు ఫలాహారం సిద్ధంచేయడం, తేయాకు, పంచదార నిల్వలు చూసుకోవడం జేన్ వంతు. తక్కిన భారాన్ని అక్క, మార్తా వహించి ఆమెకు వ్రాసుకొనే తీరిక కల్పించారు. కిటికీ పక్కన చిన్న బల్లమీద చిన్న కాగితపు ముక్కలపై ఆమె వ్రాసేది. ఎవరైనా వస్తే ఆ కాగితాలను కప్పివేసేది. ఆ గది తలుపు తెరిస్తే కిర్రుమనేదనీ, మనిషి రాకను ముందే తెలిపే ఆ చప్పుడును బాగుచేయించవద్దని ఆమె కోరేదనీ మేనల్లుడు తరువాతికాలంలో వ్రాసిన జీవితచరిత్రలో పేర్కొన్నాడు.

స్థిరమైన ఇల్లు దొరకగానే ఆమె ప్రతిభ పుష్పించింది. పాత వ్రాతప్రతులను సంస్కరించింది. 1811 అక్టోబరులో 'సెన్స్ అండ్ సెన్సిబిలిటీ' వెలువడింది. నష్టం వస్తే తానే భరించే షరతుమీద అది అచ్చయింది. ముఖపత్రంపై రచయిత్రి పేరు లేదు. ఒక స్త్రీ రచించినదని మాత్రమే ఉంది. మర్యాదస్థురాలైన మహిళ డబ్బుకోసం వ్రాయడం గౌరవం కాదని సంఘం తలచే రోజులవి. 1813 జూలై నాటికి ప్రతులన్నీ అమ్ముడై ఆమెకు 140 పౌండ్లు లభించాయి. ముప్పయ్యేడేళ్ళ వయస్సులో స్వయంగా ఆర్జించిన ఆ ధనం ఆమెకు అపారమైన ఆనందాన్ని ఇచ్చింది.

పదిహేనేళ్ళ క్రితం తిరస్కారానికి గురైన 'ఫస్ట్ ఇంప్రెషన్స్' సంస్కరణ పొంది 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' అయింది. ఆమె 150 పౌండ్లు కోరగా ప్రచురణకర్త 110 పౌండ్లకు సర్వహక్కులు కొన్నాడు. 1813 జనవరి 28వ తేదీన ఆ నవల లోకానికి విడుదలైంది. అంతకు ముందురోజే తొలి ప్రతి లండన్ నుండి చాటన్ ఇంటికి చేరింది. కన్నబిడ్డ ఇల్లు చేరినట్లు జేన్ పొంగిపోయింది. ఆనాడు మిస్ బెన్ అనే ఇరుగుపొరుగు మహిళ వారింటికి భోజనానికి వచ్చింది. ఆమె కూడా అవివాహిత. ఆదరించే భర్త గాని, ఆస్తి గాని లేక పేదరికంలో రోజులు వెళ్ళదీస్తున్న మనిషి. హెన్రీ పంపిన కొత్త పుస్తకమని మాత్రమే ఆమెతో చెప్పి, ఆ జనవరి రాత్రి తల్లి, జేన్ కలిసి మొదటి సంపుటంలో సగభాగం చదివి వినిపించారు. రచయిత్రి తన ఎదుటనే ఉన్నదని ఎరుగని ఆ అతిథి కథానాయిక ఎలిజబెత్ మాటలకు మనసారా నవ్వుకొంది. మరొక సాయంకాలం తల్లి త్వరత్వరగా చదువుతూ, పాత్రలు పలకవలసిన తీరులో మాటలు పలకలేకపోయినందుకు జేన్ చిన్నబుచ్చుకొంది.

ఈ సంఘటన చిన్నదిగా కనిపించినా దీని వెనుక ఉన్న అర్థం గంభీరమైనది. ఆస్తి లేని ఆడపిల్లలకు వివాహం తప్ప వేరు గతి లేని సమాజాన్నే ఆ నవల చిత్రించింది. చదివే జేన్, వినే మిస్ బెన్ ఇద్దరూ ఆ స్థితిని స్వయంగా అనుభవించినవారే. అన్నదమ్ముల ఆదరణ లేకుంటే జేన్ గతి కూడా ఆ అతిథి గతికి భిన్నంగా ఉండేది కాదు. అయినా ఆ రాత్రి ఆ గదిలో వినిపించింది విలాపం కాదు, నవ్వు. కష్టాన్ని నవ్వుతో పరిశీలించే శక్తిని నవల ఆ ఇద్దరికీ ఇచ్చింది. ఆ నవల రెండవ ముద్రణ అదే సంవత్సరం వెలువడింది. హక్కులు అమ్ముకొన్నందువల్ల ఆమెకు దానిపై ఏమీ దక్కలేదు. ఆ అనుభవం తరువాత ఆమె ఏ నవల హక్కులనూ పూర్తిగా వదులుకోలేదు.

1813 శరత్కాలంలో జేన్ అన్న ఎడ్వర్డు నివసించే గాడ్మర్‌షామ్ భవనంలో కొంతకాలం గడిపింది. అక్కడి విశాలమైన పుస్తకశాలలో 5 బల్లలు, 28 కుర్చీలు, 2 నిప్పుగూళ్ళు తనకొక్కదానికే దక్కాయని ఆమె ఒక లేఖలో సంబరపడింది. ఆమె నిప్పు పక్కన మౌనంగా కుట్టుపని చేసుకొంటూ, ఉన్నట్టుండి నవ్వి, లేచి బల్ల దగ్గరకు పరుగెత్తి ఏదో వ్రాసి, మళ్ళీ వచ్చి కుట్టుపనిలో నిమగ్నమయ్యేదని ఒక మేనకోడలు జ్ఞాపకం చేసుకొంది. మేడమీద గదిలో పెద్ద మేనకోడళ్ళకు అత్త తన వ్రాతప్రతి చదివి వినిపిస్తుంటే మూసిన తలుపు వెనుకనుండి నవ్వులు వినవచ్చేవట. చిన్నవారిని లోపలికి రానివ్వలేదన్న బాధ ఆ బాలికకు చాలాకాలం మిగిలింది.

1814 మే నెలలో 'మాన్స్‌ఫీల్డ్ పార్క్', 1815 డిసెంబరులో 'ఎమ్మా' వెలువడ్డాయి. ఈ నవలలపై బంధుమిత్రులు చెప్పిన అభిప్రాయాలను ఆమె ఒక్కొక్కటిగా వ్రాసిపెట్టుకొంది. మెచ్చినవారి మాటలతోపాటు విసుగు పుట్టిందన్నవారి మాటలను కూడా నిజాయితీగా నమోదు చేసింది. పాఠకులను అంతగా గౌరవించిన రచయితలు అరుదు.

జేన్ ఆస్టిన్ నవలలలో యుద్ధాలు, హత్యలు, అద్భుతాలు ఉండవు. పల్లెలోని మూడు నాలుగు కుటుంబాలు, వారి విందులు, నడకలు, ఉత్తరాలు, పెళ్ళిమాటలు, అపార్థాలు కథావస్తువులు. వాటి ఆధారంగానే ఆమె మనిషి మనస్సు లోతులను చూపింది. పాత్ర మనస్సులోని ఊహను కథకుని వాక్యంలోనే ఇమిడ్చి చెప్పే పద్ధతిని ఆమె పరిణతి నొందించింది. అందువల్ల పాఠకుడు ఒకేసారి పాత్ర లోపలా, వెలుపలా నిలిచి చూడగలుగుతాడు. ఎమ్మా వలె పొరబడతాడు, ఆ పొరపాటుకు నవ్వుకొంటాడు. రెండవసారి చదివినప్పుడు మొదట గమనించని సూచనలు ప్రతి పుటలోను కనిపిస్తాయి. ఆమె నవలలను ఏటేటా తిరిగి చదివే పాఠకులు ఉండడానికి కారణం ఇదే.

1816లో హెన్రీ నడుపుతున్న బ్యాంకు దివాలా తీసింది. కుటుంబంలో పలువురు నష్టపోయారు. ఆ ఏటనే జేన్ ఆరోగ్యం క్షీణించసాగింది. అయినా ఆగస్టు నాటికి 'పర్స్యుయేషన్' పూర్తిచేసింది. 'సూసన్' వ్రాతప్రతిని హెన్రీ ద్వారా 10 పౌండ్లు చెల్లించి తిరిగి సంపాదించింది కూడా ఆ సంవత్సరమే. వ్యవహారం ముగిసిన తరువాతనే ఆ రచన 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' రచయిత్రిదని పాత ప్రచురణకర్తకు తెలిసినట్లు చెబుతారు. 1817 జనవరి 27వ తేదీన ఆమె మరొక నవల ఆరంభించింది. వ్యాధి ముదరడంతో మార్చి 18వ తేదీన పన్నెండవ అధ్యాయంలో కలం ఆగిపోయింది. మే నెలలో చికిత్సకోసం వించెస్టర్ నగరానికి తరలించారు. 1817 జూలై 18వ తేదీన, నలభై ఒకటవ ఏట, అక్క కసాండ్రా ఒడిలో తల ఉంచి ఆమె కన్నుమూసింది. స్త్రీలు అంత్యక్రియలకు వెళ్ళే ఆచారం నాడు లేనందున, చెల్లెలిని తీసుకొనిపోతున్న చిన్న ఊరేగింపు వీధి మలుపు తిరిగేవరకు కసాండ్రా ఇంటినుండే చూస్తూ నిలిచింది.

వించెస్టర్ కేథడ్రల్‌లోని ఆమె సమాధిఫలకం ఆమె సుగుణాలను కీర్తించింది. ఆమె నవలా రచయిత్రి అన్న మాట మాత్రం అందులో లేదు. 1817 డిసెంబరులో 'సూసన్' నవల 'నార్తాంగర్ ఆబీ' అనే పేరుతో 'పర్స్యుయేషన్'తో కలిసి వెలువడింది. వాటికి హెన్రీ వ్రాసిన పరిచయంలోనే ఆమె పేరు పాఠకలోకానికి బహిరంగంగా తెలిసింది. జీవితకాలంలో రచనల ద్వారా ఆమె ఆర్జించినది 700 పౌండ్లకు మించలేదు. ఆమె లేఖలను కసాండ్రా అధికభాగం దహనం చేయగా సుమారు 160 మాత్రమే మిగిలాయి. మేనల్లుడు జేమ్స్ ఎడ్వర్డ్ రచించిన జీవితచరిత్ర ప్రచారంలోకి వచ్చిన తరువాత, 1872లో సమాధి సమీపంలో అమర్చిన ఇత్తడి ఫలకం ఆమె రచనలను పేర్కొంది. చాటన్ గృహం 1949లో స్మారక మందిరమైంది.

ఆమె మరణించిన రెండు వందల సంవత్సరాలకు, 2017లో, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండ్ జేన్ ఆస్టిన్ చిత్రంతో ఒక కరెన్సీ నోటును విడుదల చేసింది. దాని విలువ సరిగ్గా 10 పౌండ్లు. ఒకనాడు ఆ మొత్తం చేతిలో లేక తన రచనను విడిపించుకోలేకపోయిన రచయిత్రి ముఖచిత్రం అదే మొత్తం విలువగల నోటుమీద ముద్రితం కావడం కాలం చేసిన న్యాయం.

నేడు చలికాలపు సాయంకాలాలలో ఇంటిపట్టున కూర్చొని ప్రాచీన నవలలు చదువుకొనే పాఠకులు లోకమంతటా ఉన్నారు. నిప్పుగూటి స్థానంలో విద్యుద్దీపం వచ్చి ఉండవచ్చు. పైకి చదివి వినిపించే అలవాటు తగ్గి ఉండవచ్చు. అయినా పుస్తకం తెరిచినప్పుడు కలిగే ఆనందం మారలేదు. ఆ ఆనందం కాలాన్ని వృథాచేసేది కాదని, మనుషులను అర్థం చేసుకోవడం నేర్పే విద్య అని జేన్ ఆస్టిన్ జీవితం నిరూపిస్తున్నది. పదకొండేళ్ళకే పాఠశాలకు దూరమైన ఆ బాలిక ఇంటి పుస్తకాలనే గురువులుగా చేసుకొంది. ఆమె వ్రాసిన పుస్తకాలు నేడు విశ్వవిద్యాలయాలలో పాఠ్యగ్రంథాలై వెలుగొందుతున్నాయి.

కఠిన పదాలు – అర్థాలు

ఇంటిల్లిపాది = ఇంటిలోని వారందరు
అవరోధం = అడ్డంకి
ప్రహసనం = హాస్యప్రధానమైన చిన్న నాటకం
నిదర్శనం = ఉదాహరణ, రుజువు
ఉపసంహరించుకొను = వెనుకకు తీసుకొను
పరిణతి = పరిపక్వ స్థితి

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. కుటుంబ వాతావరణం జేన్ ఆస్టిన్‌ను రచయిత్రిగా ఎలా తీర్చిదిద్దిందో వివరించండి.
2. రచనల ప్రచురణలో జేన్ ఆస్టిన్ ఎదుర్కొన్న అవరోధాలను తెలుపండి.

సంక్షిప్త సమాధాన ప్రశ్నలు

1. 1813 జనవరిలో చాటన్ గృహంలో జరిగిన నవలాపఠనాన్ని వర్ణించండి.
2. 'సూసన్' వ్రాతప్రతి కథను సంగ్రహంగా వ్రాయండి.
3. జేన్ ఆస్టిన్ నవలలను పాఠకులు మరలమరల చదవడానికి కారణమేమి?

సంధులు

అత్యంత = అతి + అంత – యణాదేశ సంధి
గ్రంథాలయం = గ్రంథ + ఆలయం – సవర్ణదీర్ఘ సంధి

సమాసాలు

అక్కచెల్లెళ్ళు = అక్కయును, చెల్లెలును – ద్వంద్వ సమాసం
పుస్తకపఠనం = పుస్తకముయొక్క పఠనం – షష్ఠీ తత్పురుష సమాసం